చూశాను బావా

టాక్సీ స్టాండులో అతన్ని అందరూ డాక్టరు అనేవారు. అదేదో చదువుకున్నందుకు కాదు. రోజూ పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్లను బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, మళ్లీ లాగి, దాన్ని వెలుతురుకేసి పట్టుకుని, జ్వరం ఎంతుందో చూస్తున్నట్టు కళ్లు చికిలించేవాడు. "రోగి ఎలా ఉన్నాడు డాక్టరూ?" అని తోటి డ్రైవర్లు ఆటపట్టించేవారు. అతను నవ్వేవాడు కాదు. పుల్ల చివర మెరిసే తేనెరంగు చుక్కని రెండు వేళ్ల మధ్య రాసి చూసి, అది జారుగా తగిలితేనే తాళంచెవి తిప్పేవాడు.

బండి చిన్నది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ బానెట్ కింద ఓ మూలకి ఒదిగి ఉండేది. పెద్ద బండ్ల వాళ్లు దాన్ని కుట్టుమిషన్ అని వెక్కిరించేవారు. వెక్కిరించిన వాళ్ల బండ్లు ఒక్కొక్కటే తుక్కు కింద పోయాయి కానీ, ఈ కుట్టుమిషన్ మాత్రం కుట్టుకుంటూనే ఉంది. దాని హెడ్, అంటే ఇంజిన్ పైమూత, ఒక్కసారి కూడా విప్పలేదు. ఆ మాట చెప్పేటప్పుడు డాక్టరు మనిషి రెండంగుళాలు పెరిగేవాడు. కొందరు పిల్లల మార్కుల గురించి చెప్పుకుంటారు, ఇతను ఇంజిన్ గురించి చెప్పుకునేవాడు.

ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. చిన్న ఇంజిన్ పొట్టలో పట్టే నూనె తక్కువ. ఆ కాస్త నూనే అన్ని చోట్లకీ తిరగాలి, అంత వేడినీ మోయాలి. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగే టాక్సీలో అది తొందరగా మసిబారుతుంది. వేళకి పాతది వంచేసి కొత్తది పోస్తే ఆ ఇంజిన్ మనిషికంటే నమ్మకంగా పనిచేస్తుంది. ఇంత చిన్న సంగతి లోకంలో సగం మంది బుర్రకెక్కదు. బండిని కడిగించి తళతళలాడించుకుంటారు, లోపల తిరిగేది నూనో బురదో అడగరు. డాక్టరు మాత్రం తు చ తప్పకుండా తనే బండి కిందకి దూరి, డ్రైన్ నట్టు విప్పి, పాత నూనె చివరి బొట్టు కారేదాకా అక్కడే పడుకుని చూసేవాడు.

ఆ పడుకోవడమే అతని కొంప ముంచింది. ఒకరోజు బండి కింద నుంచి లేవలేకపోయాడు. నడుములో పూస జారిందని ఆస్పత్రిలో చెప్పారు. స్టీరింగ్ పట్టుకోవచ్చు గానీ ఇక నేల మీద పొర్లే పనులు కట్టిపెట్టమన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అతని బావమరిది, అంటే భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, వంతెన అవతల రేకుల షెడ్డు వేసి గ్యారేజీ తెరిచాడు. అంతకుముందు వాడు రకరకాల పనులు మొదలుపెట్టి ఒక్కటీ ఒడ్డుకి చేర్చలేదు. ఈసారైనా నిలదొక్కుకుంటాడని అక్క ఆశ. మన బండే మన వాడి దగ్గరికి పోకపోతే ఊళ్లో వాళ్లెందుకు పోతారు అంది ఆమె. ఆ మాటలో తప్పేమీ లేదు. డాక్టరు మంచి ఆయిల్ డబ్బా, కొత్త ఫిల్టరూ తనే కొని, బండితో పాటు బావమరిదికి అప్పగించాడు.

సాయంత్రం బండి తిరిగొచ్చింది. బయటంతా తుడిచి ఉంది, అద్దాలు మెరుస్తున్నాయి. మర్నాడు పొద్దున అలవాటు ప్రకారం పుల్ల లాగాడు. నల్లగా ఉంది. కొత్త నూనె కూడా పాత మసిని కాస్త పట్టుకుంటుంది, అది అతనికి తెలుసు. కానీ ఇది ఆ నలుపు కాదు. వేళ్ల మధ్య రాస్తే కాటుకలా అంటుకుంది. వంగి చూస్తే ఫిల్టరు కూడా పాతదే, దాని మీది దుమ్ము కూడా చెదరలేదు. నూనె తగ్గినంత మేర ఏదో కాస్త పోసి గీత దాకా నింపారు, అంతే. డాక్టరు బావమరిదికి ఫోన్ చేసి, ఆయిల్ సంగతేమిటని అడిగాడు.

"చూశాను బావా," అన్నాడు వాడు.

ఈ చూడటం అనే మాట ఉందే, దానంత నమ్మకద్రోహి మాట మన భాషలో ఇంకోటి లేదు. ఇల్లు చూసుకో అంటే ఇంటికేసి చూస్తూ కూర్చోమని కాదు. పిల్లల్ని చూసుకో అంటే వాళ్లకి పెట్టి, కడిగి, నిద్రపుచ్చమని. కానీ తప్పించుకోవాలనుకున్న వాడికి మాత్రం చూడటం అంటే చూడటమే. బావమరిది అబద్ధం చెప్పలేదు. నూనె చూశాడు, నల్లగా ఉందని చూశాడు, మూత పెట్టేశాడు. మార్చావా అని డాక్టరు అడగాల్సింది. ఆ ప్రశ్న గొంతుదాకా వచ్చింది కూడా. సొంత బావమరిదిని, అదీ కొత్తగా షెడ్డు తెరిచినవాణ్ణి, నువ్వు మార్చలేదు అని ఎలా అంటాం? నీళ్లు నమిలి, సరేలే అని ఫోన్ పెట్టేశాడు.

అయితే ఇంజిన్‌ని అలా వదిలేసే రకం కాదతను, అప్పటికింకా. రెండ్రోజులాగి, ఊరి చివర రహదారి పక్కనున్న వేరే గ్యారేజీకి తీసుకెళ్లి, ఎవరికీ చెప్పకుండా నూనె మార్పించాడు. ఇంట్లో పచ్చడి ఉండగా హోటల్లో కూర్చుని దొంగతనంగా తిన్నవాడిలా తిరిగొచ్చాడు. తర్వాత ఎప్పుడో బ్రేకులు సరిచేస్తూ బావమరిది బానెట్ ఎత్తాడు. తన చేత్తో వేయని ఫిల్టరు ఒకటి తళుక్కుమంటూ కనిపించింది. వాడు డాక్టరుతో పల్లెత్తు మాట అనలేదు, నేరుగా అక్క దగ్గరికెళ్లి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బావకి నా పని మీద నమ్మకం లేకపోతే నలుగురికీ తెలిసేలా వేరే చోటికెందుకు, నా మొహం మీదే చెప్పొచ్చు కదా అన్నాడట.

ఆ రోజు భార్య ఒంటికాలి మీద లేచింది. మా వాళ్లంటే మీకు మొదటినుంచీ చులకనే అంది. పెళ్లిలో అతని తరఫు వాళ్లన్న మాటలన్నీ తవ్వితీసింది. తర్వాత వారం పాటు ఇంట్లో గిన్నెలు తప్ప మనుషులు మాట్లాడలేదు. ఆ వారంలో డాక్టరు చాలాసార్లు ఆయిల్ గురించి అసలు సంగతి చెప్పాలనుకున్నాడు. చెబితే నమ్మదు, నమ్మకపోగా తమ్ముడి మీద దొంగతనం అంటగట్టానంటుంది అనుకున్నాడు. చివరికి ఇంట్లో శాంతి కావాలంటే ఇంజిన్ ఊసెత్తకూడదని తీర్మానించుకున్నాడు. మొహమాటానికి మంచి పేరొకటి పెట్టుకోవడం మనకి బాగా చేతనవును. అతను దానికి శాంతి అని పెట్టుకున్నాడు.

అప్పటినుంచి ఏళ్ల తరబడి అదే తంతు. వేళకి డబ్బా, ఫిల్టరూ కొనేవాడు. బావమరిది చేతిలో పెట్టేవాడు. సాయంత్రం బండి మెరుస్తూ వచ్చేది. "చూశాను బావా" అనేవాడు వాడు. ఈ బావ తలూపేవాడు. మర్నాడు పుల్ల లాగితే నలుపు. కొన్నాళ్లకి అది చుక్కగా కారడం కూడా మానేసి, పుల్లకి పట్టుకుని వేలాడేది. ఒకరోజు పొద్దున డాక్టరు బానెట్ ఎత్తలేదు. నేరుగా సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పాడు. స్టాండులో ఎవరో, రోగికి నయమైపోయిందా డాక్టరూ అన్నారు. అందరూ నవ్వారు, ఈసారి అతనూ నవ్వాడు. ఏం కనిపిస్తుందో తెలిసినవాడు చూడటం మానుకుంటాడు, అందులో వింతేముంది.

ఇంజిన్ మాత్రం మొహమాటపడలేదు. పొద్దున స్టార్ట్ చేయగానే పైనుంచి టకటకా చప్పుడు మొదలైంది, మొదట్లో క్షణం పాటు, తర్వాత వీధి మలుపు దాకా. వెనక గొట్టంలోంచి నీలం పొగ. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆయిల్ లైటు ఎర్రగా ఒక్కసారి రెప్ప కొట్టేది. డాక్టరు కాలితో యాక్సిలరేటరు కాస్త తొక్కేవాడు, లైటు ఆరిపోయేది. తొక్కి ఆర్పడం రోగాన్ని తగ్గించడం కాదని అతనికంటే బాగా తెలిసినవాళ్లు ఆ స్టాండులో లేరు. రాత్రి పక్క మీద పడుకుని, భార్యతో చెప్పాల్సిన మాటల్ని వరసగా పేర్చుకునేవాడు. ఆ బండి తప్ప వాళ్లకి ఇంకో ఆధారం లేదు, ఇంకో బండి కొనే తాహతూ లేదు. అది ఆగితే ఇల్లు ఆగుతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు కాబట్టి వింటుంది అనుకునేవాడు. తెల్లారేసరికి ఆ వరసంతా చెదిరిపోయేది.

ఆగిపోయే రోజు రానే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, స్టేషన్ దగ్గర ఒక ముసలి దంపతుల్ని దింపి వెనక్కి తిరిగాడు. రహదారి మీద ఉండగా ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. తొక్కాడు, ఆరలేదు. ఇంకా తొక్కాడు, ఆరలేదు. అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే, ఆ క్షణాన ఇంజిన్ ఆపేయాలి. కొత్తగా స్టీరింగ్ పట్టినవాడికి అతను నేర్పే మొదటి పాఠమే అది. పక్కనే, అప్పుడు దొంగచాటుగా నూనె మార్పించిన గ్యారేజీ తలుపులు బార్లా తెరుచుకుని ఉన్నాయి. గుమ్మంలో నిలబడ్డ మెకానిక్ ఇంజిన్ చప్పుడు విని ఇటు తిరిగాడు, రమ్మన్నట్టు చెయ్యి కూడా ఊపాడు.

డాక్టరు కాలు బ్రేకు మీదికి వెళ్లింది. మళ్లీ ఇక్కడికా అనే భార్య మొహం కళ్లముందు కదిలింది. బావమరిది షెడ్డు వంతెన దాటితే వచ్చేస్తుంది. మెల్లగా పోతే తట్టుకుంటుందిలే అనుకుని కాలు తీసేశాడు. ఇంజిన్ల గురించి ఇంత తెలిసిన మనిషి ఇలాంటి మాట అనుకున్నాడంటే ఎవరైనా నమ్ముతారా? వంతెన మధ్యలో లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు దబదబా మోత మొదలైంది. తర్వాత కీచుమంది. తర్వాత ఏమీ లేదు. వెనక బండ్ల వాళ్లు హారన్లు మోగిస్తూ, బూతులు తిడుతూ పక్కనుంచి వెళ్లిపోయారు.

తాడు కట్టి షెడ్డుకి లాక్కెళ్లారు. బావమరిది కింద నూనె ఛాంబర్ విప్పాడు. నూనె కారలేదు. నల్లటి ముద్దలు ఊడి పళ్లెంలో పడ్డాయి. నూనెని పైకి పీల్చే గొట్టం మూతికున్న జల్లెడ పూర్తిగా పూడుకుపోయి, దాని కన్నాలెక్కడున్నాయో కూడా తెలియలేదు. బేరింగులు కరిగి, తిరగాల్సిన క్రాంక్‌కి అతుక్కున్నాయి. ఎన్నడూ విప్పని హెడ్ విప్పితే లోపలంతా తారు పూసినట్టుంది. డాక్టరు అక్కడ నిలబడి అంతా చూశాడు. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అనుకున్నాడు. ఈలోగా బావమరిదే మొదలుపెట్టాడు.

"ఎర్ర లైటు వెలిగాక కూడా ఇంత దూరం తోలుకొచ్చావా బావా? నీలాంటివాడు చేసే పనేనా ఇది?"

వాడన్నది నిజం. షెడ్డులో పనివాళ్లు ఇద్దరు అతనికేసి జాలిగా చూశారు. ఏళ్ల తరబడి నూనె మార్చని వాడు నిమ్మకి నీరెత్తినట్టు నిలబడి, చివరి పది నిమిషాల తప్పుకి ఇతన్ని దోషిని చేసేశాడు. డాక్టరు చేతులు తుడుచుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

భార్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నడిచొచ్చాడేమిటా అని తిరిగి చూసింది. అతను అరుగు మీద కూలబడి ఇంజిన్ పోయిందన్నాడు. తర్వాత, ఇన్నేళ్లూ రాత్రిళ్లు పేర్చుకున్న మాటలన్నీ వరసాపాడూ లేకుండా బయటపడ్డాయి. మీ తమ్ముడు ఒక్కసారి కూడా నూనె మార్చలేదు, నేనిచ్చిన డబ్బాలు ఏం చేశాడో తెలియదు, మొదటి రోజు నుంచీ నాకు తెలుసు, నువ్వు బాధపడతావని నోరు మూసుకున్నాను అన్నాడు. అనేసి తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు.

ఆమె చేతిలోని తడిబట్ట తీగ మీద వేసి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

"నాకూ తెలుసు," అంది.

ఒకసారి తమ్ముడికి క్యారియర్ పట్టుకుని షెడ్డుకి వెళ్లిందట. ఇంట్లోంచి వెళ్లిన ఆయిల్ డబ్బాయే, మూత మీద పసుపు గీతతో సహా, వేరెవరి కారులోనో వంచుతున్నాడు వాడు. అక్కని చూసి కంగారుపడి, ఇది వేరేదన్నాడు. ఆమె ఏమీ అనకుండా క్యారియర్ పెట్టి వచ్చేసింది. మీరు వేరే చోట నూనె మార్పించారని వాడొచ్చి ఏడ్చింది ఆ మర్నాడే అని చెప్పింది.

డాక్టరు నివ్వెరపోయాడు. "మరి నా మీద అంత ఎందుకు లేచావు?"

"తెలుసు కాబట్టే లేచాను. మీరు ఎక్కడ ఆ మాట అనేస్తారోనని," అంది ఆమె. "నా తమ్ముడు దొంగని నా నోటితో ఎలా చెప్పనండీ? మీరే అడిగి ఉంటే వాణ్ణి కడిగేసేదాన్ని. ఇవాళ అంటారు, రేపు అంటారు అని ఇన్నాళ్లూ చూశాను. మీరు అననే లేదు."

ఇద్దరూ ఒకే పక్క మీద పడుకుని, ఒకే సంగతి కడుపులో పెట్టుకుని, ఒకరి నుంచి ఒకరు దాచుకుంటూ, మధ్యలో బంగారంలాంటి ఇంజిన్‌ని చంపుకున్నారు. కోపం రావాల్సిన చోట డాక్టరుకి ఎందుకో తేలికగా అనిపించింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె తన వైపు కూర్చుంది. ఇంజిన్ పోతే పోయింది, రహదారి పక్క మెకానిక్ చేత సిలిండర్లు బోరు చేయించుకుంటే మళ్లీ నడుస్తుంది. ఈసారి నూనె మార్పించేటప్పుడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను అనుకున్నాడు. ఆ మాటే పైకన్నాడు. ఆమె సరేనంది. వాడు సాయంత్రం వస్తాడు, అప్పుడే అడిగేయండి, నేనున్నాను అని అతని చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

పొద్దు వాలాక బావమరిది వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఓదార్పుకి వచ్చినవాడి మొహం పెట్టుకుని వచ్చాడు. వస్తూనే, ఇంజిన్ సంగతి నేను చూసుకుంటాను, మీరిద్దరూ బెంగపడకండి, బయట ఇస్తే నిలువునా దోచేస్తారు, బండి తాళంచెవి, కాగితాలు ఇస్తే రేపే పని మొదలుపెడతాను అన్నాడు. ఆమె అలవాటుగా ముగ్గురికీ కంచాలు పెట్టింది. వాడు కూర్చుని అన్నం కలుపుకున్నాడు. డాక్టరు భార్యకేసి చూశాడు. ఆమె కానివ్వండన్నట్టు కళ్లతోనే సైగ చేసింది. అతను జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న సరైన మాటతో అడిగాడు.

"నువ్వు ఒక్కసారైనా ఆయిల్ మార్చావా?"

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. వాడు బావకేసి చూడలేదు, అక్కకేసి చూశాడు. కళ్లలో అప్పుడే నీళ్లు తిరిగాయి. అబద్ధపు నీళ్లని కూడా అనలేం. దొరికిపోయినవాడికి నిజంగానే ఏడుపొస్తుంది. ముద్ద కంచంలో జారవిడిచి, లేవబోతున్నట్టు ఒక మోకాలు ఎత్తాడు.

"అక్కా, నువ్వూ అదే అనుకుంటున్నావా?"

ఆమె గరిట పట్టుకుని నిలబడింది. తమ్ముడి కంచంలో కలిపిన అన్నం అలాగే ఉంది. డాక్టరు ఎదురుచూశాడు. నాకూ తెలుసు అన్న ఆ రెండు మాటలు, మధ్యాహ్నం అరుగు మీద అంత తేలిగ్గా అన్నవి, ఆమె పెదాల దాకా రావడం అతను కళ్లారా చూశాడు. అక్కడినుంచి అవి మళ్లీ లోపలికి వెళ్లిపోవడమూ చూశాడు.

"నేనెక్కడన్నానురా," అంది ఆమె. "ఆయన బండి పోయిన బాధలో ఏదో అంటున్నారు. నువ్వు కూర్చుని తిను."

వాడు మోకాలు దించి కూర్చున్నాడు. ఆమె కూర వడ్డించింది, ఇంకొంచెం వేసింది. డాక్టరు వైపు మాత్రం తిరగలేదు. అతని కంచంలో ఏముందో ఏం లేదో చూసుకోకుండా తమ్ముడి పక్కనే నిలబడిపోయింది. అతనికి అరవాలనిపించింది. అరిస్తే ఈ ఇంట్లో ఎవరి వైపు ఎవరుంటారో ఇప్పుడు స్పష్టంగా తెలిసిపోయింది కాబట్టి అరవలేదు. తిన్నంత తిని, లేచి చెయ్యి కడుక్కున్నాడు. గోడకి మేకున తగిలించిన బండి తాళంచెవి తీసుకొచ్చి బావమరిది కంచం పక్కన పెట్టాడు.

"బండి ఎప్పటికిస్తావు?" అని అడిగాడు.